దిద్దేముందు రాయాల్సిన అంకె

మా వంటింట్లో రెండు రేడియోలు ఉన్నాయి. ఒకటి కిటికీ పక్కన, మా ఆయన ముచ్చటపడి కొన్న డిజిటల్ రేడియో. రెండోది ఫ్రిజ్ మీద, ఏరియల్ విరిగిపోతే రాగితీగ చుట్టి పెట్టుకున్న పాతది. పొద్దున ఎనిమిది గంటల వార్తలకు ముందు రేడియోలో ఆరు కూతలు వస్తాయి. ఐదు పొట్టివి, ఆరోది పొడుగుది. ఆ పొడుగు కూత మొదలైన క్షణమే సరిగ్గా ఎనిమిది. మా ఇంట్లో మాత్రం పాతది మూడో కూతలో ఉండగా కొత్తది మొదటి కూత అందుకుంటుంది. మా అమ్మాయికి ఐదేళ్ళు. పుట్టింది బర్మింగ్‌హామ్‌లో. తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం దాని జన్మహక్కు. "మమ్, ద ఓల్డ్ వన్స్ రాంగ్ అగెయిన్" అంటుంది సీరియల్ తింటూ. "పాతదే కరెక్టు బిడ్డా. కొత్తది మాటను విప్పుకొని చెప్పేసరికి రెండు సెకన్లు ఆలస్యమైతది" అంటాను. "హౌ డు యూ నో?" అంటుంది. దానియేలు అంకుల్ చెప్పిండు అంటే దానికి ఏం అర్థమవుతుంది. ఆయన్ని అది చూడలేదు. మీరూ చూడలేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నేను షెఫీల్డ్‌లో మాస్టర్స్ పూర్తి చేసింది 2011లో. చదువయ్యాక రెండేళ్ళు ఇక్కడే పని చేసుకోనిచ్చే వీసాను ఎత్తేస్తున్నారని తెలిసి, ఆఖరి బస్సు అందుకున్నట్టు దాన్ని అందుకున్నవాళ్ళలో నేనొకతెను. ఆ ఊళ్ళోనే ఒక పెద్ద ఆసుపత్రిలో, వైద్య పరికరాలు చూసే విభాగంలో, ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మొదటి రోజు ఎవరో నన్ను బేస్‌మెంట్‌లోని వర్క్‌షాపుకు తీసుకెళ్ళి, "ఇతను డానియెల్, ఇతని దగ్గరే నీ పని" అని అప్పజెప్పి వెళ్ళిపోయారు. యాభై దాటిన మనిషి, నీలం ఓవరాల్, పై జేబులో రెండు పెన్నులు. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. నా బ్యాడ్జి మీద పేరు చదివి ఏ ఊరని ఇంగ్లీషులోనే అడిగారు. కరీంనగర్ అన్నాను.

"అట్టాగా. మాది రేపల్లె. మన వైపు దానియేలు అంటారులే. టీ తాగావా అమ్మాయ్?" అన్నారు.

ఆయన విజయవాడలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న షాపు నడిపేవారట. భార్య కరుణ ఆంటీ నర్సు. ఆమెకు ఇక్కడ ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చారు. ఆ రోజుల్లో మన నర్సుల భర్తలు చాలామందికి పట్టిన పనే ఆయనకూ పట్టింది. పోర్టరు ఉద్యోగం, అంటే రోగుల మంచాలు ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు తోయడం. నాలుగేళ్ళు తోశారు. గడియారాల పిచ్చి తనకు ఎక్కడ పట్టుకుందో ఒకరోజు క్యాంటీన్‌లో గోంగూర డబ్బా మూత తీస్తూ చెప్పారు.

"ఒక ముసలామెను కింద వార్డులోంచి పై వార్డుకు తోసుకుపోయానమ్మాయ్. కింద కంప్యూటర్లో రాసుకున్నారు, బయల్దేరింది పదీ పదికి. పైన కంప్యూటర్లో రాసుకున్నారు, చేరింది పదీ ఆరుకి. బయల్దేరకముందే చేర్చానన్నమాట. ఆ ముక్క చెబితే వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలా. ఈ రెండు కాయితాల్ని పక్కపక్కన పెట్టి చూసినోడు రేపెప్పుడన్నా దేన్ని నమ్మాల?"

ఆ ప్రశ్నే పట్టుకుని ఆయన సాయంత్రం కాలేజీలో చేరారు. పరీక్షలు రాసి టెక్నీషియన్ అయ్యారు. నేను చేరేనాటికి ఆసుపత్రిలో కంప్యూటర్లు చాలావరకు నెట్‌వర్క్ మీద ఉండి, వాటి టైం అవే సరిచేసుకునేవి. నెట్‌వర్క్‌కు కలపడానికి వీల్లేని పాత యంత్రాలు మాత్రం ఇరవై నాలుగు మిగిలాయి. రక్తం పరీక్షించేవి, గుండె చప్పుళ్ళు గీసేవి. వాటికి అయినవాళ్ళెవరూ లేరు, అంకుల్ తప్ప.

కంప్యూటర్లో రెండు గడియారాలు ఉంటాయని నేను చదువుకున్నాను గానీ పట్టించుకున్నది లేదు. ఒకటి మనకు తెర మీద కనిపించేది. అది కంప్యూటర్ మేలుకొని ఉన్నంతసేపే. రెండోది లోపల బోర్డు మీద, చొక్కా గుండీ అంత బ్యాటరీతో, బియ్యపు గింజంత స్ఫటికంతో, కంప్యూటర్ ఆపేసినా నడుస్తూనే ఉండేది. పొద్దున మీట నొక్కగానే కంప్యూటర్ ముందుగా ఆ చిన్నదాన్ని అడిగి టైం తెలుసుకుంటుంది. ఆ చిన్నది ఏ రెండు యంత్రాల్లోనూ ఒకేలా నడవదు. ఒకటి రోజుకు రెండు సెకన్లు ముందుకు పోతుంది, ఇంకోటి నాలుగు వెనకబడుతుంది. దాని నడక ఎంతో కనిపెట్టి, ఆ అంకెను కంప్యూటర్‌కు చెబితే, లేవగానే అంత కలుపుకొనో తీసేసుకొనో సరైన టైం చూపిస్తుంది. కొన్నింటికి అలా చెప్పే వీలుంది. చెప్పే వీలు లేనివాటిని మనిషే వెళ్ళి దిద్దాలి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో గంట ముందుకు, అక్టోబరులో గంట వెనక్కు జరిపే ఆదివారాల్లో అంకుల్ వాటన్నిటి దగ్గరికీ వెళ్ళేవారు.

వెళ్ళేటప్పుడు చంకలో ఒక పొడుగు రిజిస్టరు, చేతిలో ఒక చిన్న పాత రేడియో. కొత్త రేడియోను ఎందుకు నమ్మకూడదో అప్పుడే చెప్పారు. యంత్రం ముందు కూర్చొని, గంట కొట్టే కూతలతో చేతిగడియారం కలుపుకొని, దాన్ని తెరతో పోల్చి, ఎన్ని నిమిషాలు ఎన్ని సెకన్లు తప్పో రిజిస్టరులో రాసేవారు. గడియారం ముందుంటే ఎరుపు సిరా, వెనకుంటే నలుపు. రాశాకే దిద్దేవారు. ఈ వరస ఎప్పుడూ తప్పేవారు కాదు.

"ముందు తప్పు రాయి, తర్వాత దిద్దు. దిద్దాక రాద్దామంటే ఏముండుద్ది రాయడానికి?"

చూసి పెన్ను పెట్టేలోగా నా చెయ్యి అర సెకను ఆలస్యమవుతోందని నేను బెంగపడితే, దానికీ ఆయన దగ్గర జవాబుంది. "రోజూ అరసెకనే ఆలస్యమైతే ఏం భయంలా, తీసేసుకోవచ్చు. గడియారమైనా అంతే, మనిషైనా అంతే. రోజూ ఒకే తప్పు చేసేవాడితో బతకొచ్చు. రోజుకో తప్పు చేసేవాడితోనే చావు." ఈ మాట ఆయన తన ఇంట్లో మాత్రం అనేవారు కాదు. ఎందుకంటే అక్కడ గోడ మీది గడియారాన్ని కరుణ ఆంటీ కావాలనే పది నిమిషాలు ముందుకు పెట్టి ఉంచేది. ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళి, నేను నా ఫోను, ఆ గడియారం మార్చి మార్చి చూస్తుంటే ఆంటీ పప్పు వడ్డిస్తూ నవ్వింది.

"ఊరందరి గడియారాలు దిద్దుతాడు మీ అంకులు. ఆయన్ని టైముకు చర్చికి తీసకపోవాలంటే ఇదొక్కటే దారి."

"నాకు తెలిసే మోసపోతన్నాలే" అన్నారు అంకుల్. తెలిసీ ప్రతి ఆదివారం దాన్ని చూసి కంగారుపడి లేచేవారట.

నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను తొందర మనిషిని. చేతిలో పని మిగిలి ఉంటే కుదురుగా కూర్చోలేను, దాన్ని పూర్తిచేశాననిపించుకోవడం కోసం సగం వదిలేయడానికైనా వెనుకాడను. మా అమ్మ దీనికి పెట్టిన పేరు వేరే ఉంది, ఇక్కడ రాయను. ఆ మార్చి ఆదివారం అంకుల్‌కు చర్చిలో లేచి తన అనుభవం సాక్ష్యంగా చెప్పే వంతు వచ్చింది. వాళ్ళు తమ తెలుగు సహవాసాన్ని, అంటే ఆదివారం ప్రార్థనల కూటాన్ని, ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకొని నడిపేవారు, హాలు ఇచ్చేది పొద్దుటిపూటే. "మీరు పోండ్రి అంకుల్, గీ ఇరవై నాలుగు నేను చేస్త" అన్నాను. రిజిస్టరు, రేడియో నా చేతిలో పెట్టి వెళ్ళారు.

మొదటి పది యంత్రాల దగ్గర బుద్ధిగా రాశాను. పదకొండోది ఒక వార్డులోని రక్తపరీక్ష యంత్రం. నేను కూర్చోగానే వెనక ఒక నర్సు రక్తం తీసిన సిరంజి పట్టుకొని నిలబడింది. "ఎంతసేపు పడుతుంది, లవ్?" అని అడిగింది. అక్కడి వాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు. ఆమెను నిలబెట్టి నేను సెకన్లు లెక్కపెడుతూ కూర్చోవడం సిగ్గనిపించింది. తెర మీద టైం చాలా వెనక ఉన్నట్టు కనిపించింది. గబగబా గంట ముందుకు జరిపి, నిమిషాలూ సెకన్లూ నా చేతిగడియారంతో కలిపి లేచాను. ఆ తర్వాతి యంత్రం దగ్గర ఎవరూ నిలబడలేదు. అయినా రాయలేదు. సరిచేయడమే కదా అసలు పని, రాసుడు ముసలాయన చాదస్తం అనిపించింది. ఆ పదకొండోదానితో కలిపి పద్నాలుగూ అలా దిద్దుకుంటూ పోయి పన్నెండు కాకముందే ముగించాను. మర్నాడు అంకుల్ "అయిందా?" అంటే "అయింది" అన్నాను. ఆయన రిజిస్టరు తెరిచి చూడలేదు. నా మాట నమ్మారు.

వారం దాటాక ఒక మంగళవారం పొద్దున ఆయన కోటు కూడా విప్పకుండా వచ్చి అలమరలోంచి రిజిస్టరు తీశారు. పేజీ తిప్పి, వేలు కిందికి జరుపుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆపారు.

"ఇందులో అంకె లేదేంది అమ్మాయ్?"

"రాయలే అంకుల్. టైం మంచిగ పెట్టిన. పెట్టుడే గదా పని అనుకున్న."

ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నారు. కేకలేస్తే బాగుండుననిపించింది. వేయలేదు. ఏం జరిగిందో చెప్పారు.

నేను గడియారాలు దిద్దిన ఆదివారానికి ముందు గురువారం కరుణ ఆంటీ ఆ వార్డులోనే డ్యూటీలో ఉంది. ఒక పెద్దాయన రక్తాన్ని ఆ యంత్రంలో పరీక్షిస్తే పొటాషియం ప్రమాదకరంగా ఎక్కువుందని స్లిప్ వచ్చింది. అలాంటి ఫలితం వస్తే పావుగంటలోగా డాక్టరుకు ఫోను చేయాలన్నది ఆ వార్డు నియమం. స్లిప్ మీద అచ్చయిన టైం పది నలభై రెండు. ఆంటీ ఫోను చేసినట్టు ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి రాసుకున్న టైం పదకొండు గంటల ఒక నిమిషం. మధ్యలో పందొమ్మిది నిమిషాలు. పెద్దాయన్ని ఐసీయూకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. వారానికి కోలుకున్నాడు గానీ, ఆయన కుటుంబం ఫిర్యాదు చేసింది. స్లిప్ చేతికి వచ్చినప్పుడు పక్క మంచం మీది మనిషి కిందపడబోతుంటే పట్టుకొని పడుకోబెట్టాననీ, దానికి పది నిమిషాలకంటే పట్టలేదనీ ఆంటీ చెప్పింది. కాయితాలు మాత్రం పందొమ్మిది అంటున్నాయి. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. తప్పు ఆమెదేనని తేలితే విషయం నర్సుల రిజిస్ట్రేషన్ దాకా పోతుంది. అది పోతే ఈ దేశంలోనే కాదు, ఎక్కడా నర్సుగా పనికిరాదు.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి టైం నెట్‌వర్క్‌ది, దానికి తిరుగులేదు. ఆ రక్తపరీక్ష యంత్రం గురువారం నాడు ఎన్ని నిమిషాలు వెనక ఉందో చెప్పగలిగింది ఈ లోకంలో ఒక్కటే. నేను ఖాళీగా వదిలేసిన ఆ గడి.

ఏదో ఒకటి చేయాలి కాబట్టి నోటికొచ్చింది అన్నాను. "నాకు యాదికుంది అంకుల్. ఎనిమిదో తొమ్మిదో నిమిషాలు ఎనక ఉండె. ఇప్పుడు రాస్త."

ఆయన నా మొహంలోకి చూశారు. "యాదికుందా?" అన్నారు. మా కరీంనగర్ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

అబద్ధమాడి ఉంటే ఆయన భార్య ఆ రోజే ఒడ్డున పడేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వర్క్‌షాపులో మూడో మనిషి లేడు.

"లే అంకుల్. ఎనక ఉండె, గంతే. ఎంతనో సూడలే."

"అయితే రాయమాక" అన్నారు. నల్ల పెన్ను తీసి ఆ గడిలో 'చూడలేదు' అని ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి, పక్కన నన్నూ పెట్టమన్నారు. తర్వాత కింది పదమూడు గడుల్లోనూ అదే. పద్నాలుగు సంతకాలు పెట్టేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆయన పట్టించుకోలేదు, పట్టించుకోనట్టు ఉన్నారో మరి.

"చేతులు కాల్చుకున్నాం, ఆకులు పట్టుకుని లాభం లేదు. ఇప్పుడు చేయగలిగింది చేద్దాం" అన్నారు కాసేపటికి. "నువ్వు దాని టైం దిద్దావు, దాని గుణం దిద్దలేదుగా. అది అట్టాగే నడుస్తా ఉండుద్ది. పోయి చూడు. రోజుకెంత వెనకబడుద్దో మూడు వారాలు చూసి రాయి. అక్టోబరులో నేను దిద్దిన రోజు ఇందులో ఉంది. అక్కణ్ణుంచి ఆ గురువారానికి ఎన్ని రోజులో లెక్కపెట్టి హెచ్చవేయి."

"మీరు గూడ సూస్తే మంచిగుంటది గదా అంకుల్."

"నేను కడితే అది మొగుడు కట్టిన లెక్కవుద్ది. నువ్వే కట్టు. నాకు చూపించమాక."

ఆ మూడు వారాలు ప్రతి ఉదయం, సెలవు రోజుల్లో కూడా, ఎనిమిదికి పది నిమిషాల ముందే వార్డుకు వెళ్ళి, అదే కుర్చీలో, అదే రేడియోతో, అదే చేత్తో చూసేదాన్ని. ముందు రాసేదాన్ని. దిద్దడమన్న మాటే లేదు, దాన్ని తాకవద్దని తెర మీద కాయితం అంటించాం. మొదటి వారం ఒక రోజు మూడు సెకన్లు, ఒక రోజు నాలుగు వస్తే రాసింది మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. వారం మొత్తం కలిపి చూస్తే ఇరవై నాలుగున్నర. అంటే రోజుకు మూడున్నర. రెండో వారమూ దాదాపు అంతే. అంకుల్ నాతో మామూలుగానే పని చేయించుకునేవారు, టీ పోసిచ్చేవారు, గోంగూర పెట్టేవారు. అంకె ఎంత వస్తోందని మూడు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. నేను వార్డు నుంచి కిందికి వచ్చినప్పుడు తల ఎత్తి నా మొహం చూసి మళ్ళీ దించుకునేవారు. ఆ చూపు తట్టుకోవడం లెక్క కట్టడంకంటే కష్టంగా ఉండేది.

రెండో వారంలో ఆంటీ భోజనానికి పిలిచింది. వెళ్ళకుండా ఉండడానికి సాకులు వెతికాను, దొరకలేదు. ఇరవై ఏళ్ళకు పైగా డ్యూటీల రోటా పట్టిక చూసి బతికిన మనిషి, చేయడానికేం లేక ఇల్లంతా తుడిచి మళ్ళీ తుడుస్తోంది. కోడికూర వడ్డిస్తుంటే నేను ఇక ఆగలేకపోయాను.

"ఆంటీ, ఆ అంకె రాయనిది నేనే. అంకుల్ కాదు."

"తెలుసు. ఆ రోజే చెప్పారు మీ అంకులు. అన్నం తిను, చల్లారిపోద్ది" అంది. కూర గిన్నె పక్కన పెట్టి, "నా మట్టుకు నాకు పది నిమిషాలే అనిపించిందమ్మా. ఇప్పుడు రోజూ కూర్చొని అదే లెక్కపెట్టుకుంటన్నా. ఒక్కోసారి నిజంగానే పందొమ్మిదేమో, నాకే తెలవలేదేమో అనిపిస్తంది" అంది. ఆమె మీద విచారణ చేస్తున్నవాళ్ళకంటే ఎక్కువ విచారణ ఆమే చేసుకుంటోంది. నా వల్ల.

విచారణ గదిలో ముగ్గురున్నారు. అడిగింది మాత్రం మధ్యలో కూర్చున్న మేడమ్. తెల్ల జుట్టు, నెమ్మదైన గొంతు. అంకుల్‌ను లోపలికి పిలవలేదు, ఆయన కారిడార్‌లో కూర్చున్నారు. నా ఉద్యోగం కాంట్రాక్టుదనీ, దాని గడువు నెలాఖరుతో అయిపోతుందనీ ఆ గదిలో అందరికీ తెలుసు.

"సరిచేసే ముందు ఎంత తప్పుందో ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

"రాయాలని తెలుసు. తొందరలో రాయలేదు. తప్పు నాదే."

"అంటే యంత్రం ఎనిమిది నిమిషాలు వెనకబడి ఉందన్నది మీ ఊహ?"

"ఊహ కాదండీ, లెక్క. అక్టోబరులో దిద్దిన రోజు నుంచి ఆ గురువారానికి నూట నలభై నాలుగు రోజులు. రోజుకు మూడున్నర సెకన్లు. ఎనిమిది నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు వస్తుంది. అటూ ఇటూ పోయినా ఏడున్నరకు తగ్గదు, తొమ్మిదింబావుకు మించదు."

"మూడు వారాల్లో చూసింది చలికాలమంతా అలాగే ఉందని ఎలా చెబుతారు?"

రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాను. అంతకుముందు నాలుగు చలికాలాలు, అదే యంత్రం, ప్రతిసారీ నల్ల సిరా. ఏ ఏడు చూసినా రోజుకు మూడున్నరకు దగ్గరే. ఆమె కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూసింది.

"ఇది ఆమె భర్త చేతిరాత."

"అవును. కానీ ఇవి రాసినప్పుడు ఈ ఫిర్యాదు లేదు. తనకు ఏ అంకె పనికొస్తుందో ఆయనకు తెలిసే వీలు లేదు."

ఆమె పేజీ తిప్పింది. 'చూడలేదు' అని వరసగా పద్నాలుగుసార్లు రాసిన పేజీ అది. పక్కన రెండేసి సంతకాలు. "ఇది కూడా ఆయన చేతిరాతే కదా" అంది. అవునన్నాను. ఆ పేజీ మీద వేలు ఉంచి పై నుంచి కిందిదాకా చూసింది. తర్వాత రిజిస్టరు మూసి, ఇక వెళ్ళవచ్చు అంది. ఆమె ఆ రోజు నమ్మింది నా లెక్కను కాదు, ఆ ఖాళీని ఖాళీగా ఉంచిన మనిషిని అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. ఫలితం వచ్చింది పది యాభై దాటాక, ఫోను వెళ్ళింది పదకొండు కొట్టాక ఒక నిమిషానికి. ఆంటీ చెప్పిన పది నిమిషాల మాట దాదాపు నిజమే. ఆమె డ్యూటీకి వెళ్ళింది. నాకు ఇంకో ఉత్తరం వచ్చింది, నియమం పాటించలేదని హెచ్చరిక. అది ఏడాదిపాటు నా ఫైలులో ఉంది. కాంట్రాక్టును మాత్రం మూడు నెలలు, మూడు నెలలుగా పొడిగించారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నిలకడగా కూర్చొని చూసేవాడు ఒకడుంటేనే అది తెలుస్తుందని నాకు తెలిసొచ్చింది.

ఉత్తరం వచ్చిన రోజు అంకుల్ మొదటిసారి నా లెక్క చూడమని అడిగారు. కళ్ళజోడు పెట్టుకొని పై నుంచి కిందికి చదివారు. "మూడున్నరేనా? బానే నడుస్తందే ముసలిది" అన్నారు. అంతే. కాసేపయ్యాక జేబులోంచి నల్ల పెన్ను తీసి నా ఓవరాల్ జేబులో పెట్టారు. "ఎర్రది కొనుక్కో. అక్టోబరుకు నువ్వే వెళ్ళాల" అన్నారు.

తర్వాత నాకు బర్మింగ్‌హామ్‌లో శాశ్వత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది. ఇక్కడ ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు. యంత్రం ఏదైనా, తప్పు ఏదైనా, ముందు రాయండి అంటాను. నా ముందు తలూపి, వెనక నవ్వుకుంటారని తెలుసు. నేనూ నవ్వుకున్నదాన్నే. అంకుల్ రిటైరైన రోజున తన రేడియో నాకు పంపారు. అదే ఫ్రిజ్ మీద ఉన్నది.

కిందటి చలికాలంలో ఆయన నిద్రలోనే పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను గానీ, ఆ జనంలో ఆంటీతో మాట్లాడడం కుదరలేదు. వసంతం వచ్చాక ఒక శనివారం రైలెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆంటీ టీ పెట్టింది. వంటింట్లో గోడ గడియారం అలాగే ఉంది, అలాగే ముందుంది.

"ఇంక దాంతో పనేముందమ్మా. తొందరపెట్టాల్సిన మనిషే లేడు. ఆ కుర్చీ ఎక్కి కాస్త సరిచేసిపో" అంది.

కుర్చీ ఎక్కాను. గడియారం వెనక మీట మీద వేలు పెట్టాక చెయ్యి ఆగింది. "ఆంటీ, ఒక కాయితం ఇస్తరా. ఎర్ర పెన్ను గూడ" అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. సొరుగులోంచి ఆయన ఎర్ర పెన్ను, పాల బిల్లు ఒకటి తెచ్చి ఇచ్చింది. ఫోనుతో పోల్చి చూసి, బిల్లు వెనక రాశాను: ముందు, పదకొండు నిమిషాల నలభై సెకన్లు.

ఆంటీ కిందనుంచి చదివింది. "పదకొండేంది? నేను పెట్టింది పదేగా?"

"మీరు పెట్టింది పదే ఆంటీ. మిగిలింది అది నడుసుకుంట నడుసుకుంట కలుపుకుంది."

ఆమె ఆ అంకెను ఇంకోసారి చదివింది. కళ్ళు తుడుచుకుంది. "అయితే ఇన్నేళ్ళూ నేననుకున్నదానికంటే ఇంకా ముందే తోలానన్నమాట ఆయన్ని" అంది. తర్వాత, "రాశావుగా. ఇంక దిద్దక్కర్లేదులే. దిగు" అంది.

దిగాను. ఆ గడియారం చూసే బయల్దేరాను కాబట్టి స్టేషనుకు పదకొండు నిమిషాలు ముందే చేరి, ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నాను. తొందరపడడానికి ఏమీ లేదు. ఆ పాల బిల్లు ఇప్పటికీ నా పర్సులో, ఆయనిచ్చిన నల్ల పెన్ను పక్కన ఉంది.